అది నుంచి ఆమె దాకా

పోయిన వేసవిలో ప్రొద్దుటూరులో మా చిన్నత్త ఇంట్లో వారం రోజులున్నాను. ఇల్లంటే ఒక గది, వెనక చిన్న వంటిల్లు, ముందు వరండాలో కుట్టుమిషను. నలభై ఏళ్ళుగా ఆమె బతుకుతెరువు ఆ మిషనే. మా పెదనాయన మనవరాలు ఇంటర్ చదువుకుంటూ ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటోంది. ఆ పిల్లకి కొరియా సీరియళ్ళ పిచ్చి. రాత్రిళ్ళు ఫోను గోడకానించి చూస్తూ, నేర్చుకున్న మాటలు నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకుంటుంది. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచి ఆ భాష వస్తే ఉద్యోగమొస్తుందన్న నమ్మకం ఒకటి మా వైపు పిల్లల్లో ఉంది. ఈ పిల్లకి మాత్రం ఉద్యోగం కంటే సీరియలే ముఖ్యం.

"ఓప్పా అంటే అన్న జేజీ. కానీ ఆడపిల్లే అట్ల పిలవాల. మొగపిల్లోడైతే అన్నకు ఇంకో మాట ఉండాది. ఉన్నీ అంటే అక్క. అదీ ఆడోళ్ళే అనాల. అప్పా అంటే నాయన."

"అప్పా అనేది మన మాటే గదా," అంది చిన్నత్త, జాకెట్టు చంకభాగం కుట్టు విప్పుతూ. "మరి ఆ దేశంలో నన్నేమంటారు?"

"నిన్ను ఆజుమ్మా అంటారు."

"అట్లంటే?"

"పెండ్లయిన పెద్దామె అని."

చిన్నత్త దారం కొరికి, ఒక్క క్షణం ఆ పిల్లవైపు చూసి, "నేను పెండ్లయినామెనా?" అని అడిగింది. ఎగతాళిగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగింది. పిల్ల నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. నేను ఆ వారం ప్రొద్దుటూరు వెళ్ళింది సరిగ్గా అలాంటి మాటల కోసమే. మా జిల్లాలో మనుషుల గురించి మాట్లాడేటప్పుడు వాడే చనువు మాటలు, కొట్టి మాట్లాడే మాటలు, పుస్తకాల్లోకి ఎక్కని మాటలు పోగుచేసి ఒక వ్యాసం రాద్దామని రికార్డరు పట్టుకుని వెళ్ళాను. నా పీహెచ్‌డీ కూడా దాదాపు ఇదే. రాయలసీమ కథల్లో స్త్రీ పాత్రల్ని మిగతా పాత్రలు ఏ మాటలతో ప్రస్తావిస్తాయి అన్నది నా అంశం. కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊర్ల పేర్లమీద పరిశోధన చేశారు. ఊర్ల పేర్లకు అంత చరిత్ర ఉంటే, ఆ ఊర్లలో మనుషుల్ని పిలిచే మాటలకు ఎంత ఉండాలి అనుకుని నేనా అంశం తీసుకున్నాను.

కొరియా మాటలకూ మన మాటలకూ పోలిక కనబడగానే సంబరపడినవాళ్ళు ముందే ఉన్నారు. హల్బర్ట్ అనే అమెరికన్ 1905లో కొరియన్ భాషనూ ద్రావిడ భాషలనూ పోలుస్తూ వ్యాకరణమే రాశాడు. ఆ బంధుత్వాన్ని ఇవాళ భాషాశాస్త్రం ఒప్పుకోదు. అమ్మ, అప్ప లాంటి పసినోటి మాటలు ప్రపంచంలో చాలాచోట్ల ఒకేలా ఉంటాయి. నన్ను ఆలోచనలో పడేసింది ఆ మాటల శబ్దం కాదు, వాటి పని. ఆజుమ్మా అనే మాట ఒకప్పుడు చుట్టరికం మాటే. ఇప్పుడది నడివయసు స్త్రీ ఎవరికైనా తగిలించేది. అలా పిలిపించుకోవడం ఇష్టంలేని స్త్రీలు ఆ దేశంలో చాలామంది. మన 'ఆంటీ'కి పట్టిన గతే. ఇక కొరియన్‌లో 'ఆమె' అనడానికి ఉన్న మాట ఇరవయ్యో శతాబ్దంలో ఆధునిక సాహిత్యం కోసం తయారుచేసుకున్నది. అది పుస్తకాల్లో ఉంటుంది, మనుషుల నోళ్ళలో ఉండదు. నోళ్ళలో ఉండేవి అక్క, అత్త, ఫలానావాళ్ళ అమ్మ, ఆ పిల్ల, ఇంకా తిట్టుమాటలు. ఇది చదివినప్పుడు, మనమూ అంతే కదా అనిపించింది.

మన సంగతి చూడండి. మగవాడికి వాడు, అతను, ఆయన, వారు అని మెట్లున్నాయి. ఆడదానికి అది, ఆమె, ఆవిడ, వారు. పైకి సరిసమానంగానే కనబడుతుంది. క్రియ దగ్గరకొస్తే గుట్టు బయటపడుతుంది. వాడు వచ్చాడు. అది వచ్చింది, ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. స్త్రీలనూ పశుపక్ష్యాదులనూ జడపదార్థాలనూ తీసేస్తే మిగిలేది మహత్తు అని అందులో నిర్వచనం. స్త్రీలకు మహతీవాచకం అని వేరే పేరు పెట్టినా, ఏకవచనంలో వాళ్ళ నడక అమహత్తులతోనే. బహువచనంలో మాత్రం మగవాళ్ళతో పాటు 'వారు వచ్చారు'. ఒక్కతిగా ఉంటే బర్రెతో, బండితో జమ. పదిమందిగా ఉంటే మనుషులతో జమ. పక్కనున్న తమిళంలో అవళ్, కన్నడంలో అవళు అని స్త్రీకి విడిగా సర్వనామం ఉంది, దానికి తగ్గ క్రియ ఉంది. మనకు లేదు.

దీన్ని నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమంతా రాశాను. తమిళ, కన్నడాలే తర్వాత కొత్తగా స్త్రీరూపం చేసుకున్నాయని, తెలుగులో ఉన్న పద్ధతే మూలద్రావిడానికి దగ్గరదని భద్రిరాజు కృష్ణమూర్తిగారు ప్రతిపాదించారు. అది కూడా నిజాయితీగా ఉటంకించాను. అయితే పాతదైనంత మాత్రాన అన్యాయం కాకుండా పోదని వాదించాను. కథల్లో 'అది' ఎన్నిచోట్ల వచ్చింది, ఎవరి నోట వచ్చింది, 'ఆమె' ఎన్నిచోట్ల వచ్చింది అని లెక్కలు వేసి పట్టికలు కట్టాను. నా నిర్ధారణ సులభమైనది. 'అది' కించపరచడం. 'ఆమె' గౌరవం. అది నుంచి ఆమె దాకా నడవడమే స్త్రీ పాత్ర ఎదుగుదల. వైవా రోజు ఈ వాక్యాన్ని పరీక్షకులు మెచ్చుకున్నారు కూడా.

మా కడప మాటల్లో ఇంకో రెండు మెట్లున్నాయి. మగవాడైతే ఆయప్ప, ఆడదైతే ఆయమ్మ. దగ్గరుంటే ఈయప్ప, ఈయమ్మ. ముక్కూ మొహం తెలియని మనిషిని కూడా మర్యాదగా చెప్పడానికి ఇవి పనికొస్తాయి. ఆవిడ అనే మాట మాకు రేడియోలో, పుస్తకాల్లో వినడమే. పిల్లలైతే అబ్బి, అమ్మి. ఎంత పెద్దయినా సరే, ఇంట్లోవాళ్ళకు కూతురు అమ్మే. "మా అమ్మి వచ్చింది" అంటే అందులో గారాబం ఉంటుంది. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు చివర ఒక 'ప్పా', ఒక 'మ్మా' చేరుస్తాం. "రాప్పా", "చెప్పుమ్మా". కోస్తావాళ్ళకు మా మాట మొరటుగా వినిపిస్తుందంటారు గాని, మాటమాటకీ ఎదుటివాళ్ళను నాయనగానో తల్లిగానో చేసుకునే భాష మాది. ఇదంతా నిజమే. ఇక్కడొక చిక్కు కూడా ఉంది. ఆ మర్యాద దక్కాలంటే ఆడది అమ్మ అయి ఉండాలి, లేదా అమ్మలా కనబడాలి. పెళ్ళయి, పిల్లలు లేక, మొగుడు లేక, పుట్టింటికి తిరిగొచ్చిన ఆడమనిషిని ఏమనాలి?

మా చిన్నత్తది ఆ కథే. జమ్మలమడుగు పక్కన, పెన్న ఒడ్డున మా ఊరు. నల్లరేగడి. బుడ్డశనగ, జొన్న పండే నేల. ఇద్దరన్నల తర్వాత పుట్టిన ఆడపిల్ల. 1979లో, పదిహేడో ఏట పులివెందులకు ఇచ్చారు. చీనీ తోటలున్న ఇల్లని, పిల్ల సుఖపడుతుందని ఇచ్చారు. నాలుగేళ్ళకు, పిల్లలు పుట్టలేదని ఆయన ఇంకొకామెను తెచ్చుకున్నాడు. చిన్నత్త ఒక ట్రంకుపెట్టెతో తిరిగొచ్చింది. ఏడాది పుట్టింట్లో ఉండి, కుట్టుపని నేర్చుకుని, ప్రొద్దుటూరులో గది తీసుకుంది. ప్రొద్దుటూరు బట్టల ఊరు, బంగారం ఊరు. పెళ్ళిళ్ళకు చుట్టుపక్కల జనమంతా అక్కడికే వస్తారు, కాబట్టి జాకెట్లు కుట్టేవాళ్ళకు పని ఉంటుంది. ఆ వీధిలో ఆమెకున్న పేరు "మిషనామె". అసలు పేరుతో పిలిచేవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. ఆ పేరు నేను ఇక్కడా రాయడం లేదు. వద్దంది. "నా పేరు రాస్తే మీ నాయన పేరూ రాయాల్సొస్తాది" అంది.

ఇక ఆ వేసవిలో రికార్డు చేసిన సంభాషణకొస్తాను. నా దగ్గర ఇరవై ప్రశ్నల కాగితముంది. ఎదురుగా లేని మనిషి గురించి ఇంట్లో ఏమని మాట్లాడతారు, వయసును బట్టి, కులాన్ని బట్టి, పెళ్ళిని బట్టి ఆ మాట ఎలా మారుతుంది, ఇలాంటివి. పన్నెండో ప్రశ్న నేను ముందే జవాబు రాసిపెట్టుకున్నట్టు అడిగాను. "ఇంట్లో నిన్ను 'అది' అన్నప్పుడు నీకు బాధనిపించేదా అత్తా?"

"అది అంటే బాధెందుకుమ్మీ?" అంది. "మా అమ్మ అది అంటాన్యా. నాయన అంటాన్యాడు. అది తినిందా, అది పండుకునిందా, దానికి రెండు గాజులు తీసకరా అని. మీ నాయనైతే సంతకు పోతే అమ్మికేం తేవాలని అడగంది పోడు. నేను పులివెందుల నుంచి వచ్చినాక మొదలుపెట్టినారు ఆమె అని. ఆమెకు చెప్పు అన్నం పెట్టుకొమ్మని. ఆమె యాడికి పోతాందో కనుక్కో. అప్పుడు తెలిసిపాయ నాకు. అది అన్నన్ని రోజులూ ఆ ఇంటిదాన్ని. ఆమె అన్నంక సుట్టమైతి."

రికార్డరులో ఆ తర్వాత చాలాసేపు మిషను చప్పుడే ఉంది. నేను పదమూడో ప్రశ్న అడగలేదు.

నా పట్టికలన్నీ తిరగబడ్డాయి. గౌరవమని నేను గుర్తుపెట్టుకున్న చోటనే ఆమె వెలిని చూసింది. మగవాళ్ళు ఇంట్లో ఆడపిల్లను కొట్టి తరమాల్సిన పనిలేదు. సర్వనామం మారిస్తే చాలు. దూరాన్ని మర్యాద అని పిలవొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. తప్పుపట్టడానికి తిట్టుమాట ఒక్కటీ ఉండదు. నేను కథల్లో వెతికింది మాటల్ని. ఆ మాట అంతకుముందు ఏ మాట ఉన్న చోటికి వచ్చి కూర్చుందో చూడలేదు.

అయితే చిన్నత్త చెప్పిందే అందరి అనుభవమని రాసేస్తే అదీ తప్పే అవుతుంది. మా ఊరి ఇంట్లో పశువులకొట్టం ఊడ్చడానికి మాలపల్లె నుంచి ఒక ముసలామె వచ్చేది. మా జేజి కంటే పెద్దది. ఏడేళ్ళ నేను వాకిట్లో నిలబడి "జేజీ, అది వచ్చింది" అని కేక వేసేదాన్ని. ఆమె నన్ను "రెడ్డెమ్మా" అనేది. ఆ 'అది'లో ఏ గాజులూ లేవు, తినిందా అన్న ఆరా లేదు. ఆమె ఏ రోజూ ఆ ఇంటిదీ కాదు. 2003లో గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' వచ్చినప్పుడు, స్త్రీ అనే ఒక్క మాట కింద అందరినీ కలిపి మాట్లాడటం మీద దళిత స్త్రీలు వేసిన ప్రశ్న అందరి ముందుకూ వచ్చింది. నేను దాన్ని చదువుకున్నది యూనివర్సిటీలో. దాని అర్థం మాత్రం మా వాకిట్లోనే, నా నోట్లోనే ఉండింది. చిన్నత్తకు 'అది' పోగొట్టుకున్న ఇల్లు. ఆ ముసలామెకు 'అది' లోపలికి రానివ్వని గడప. మాట ఒకటే. అనేవాళ్ళ చేతిలో ఏముంది, అనిపించుకునేవాళ్ళ చేతిలో ఏముంది అన్నదే తేడా. ఆ ముసలామె పేరు నేను వద్దనుకుని దాచింది కాదు. నాకు తెలియదు.

ఇంతవరకూ ఇది మాటల సంగతి. మాటలతో పోయేది ఇంట్లో చోటొక్కటే కాదని ఆ వారంలోనే తెలిసింది.

2007లో మా నాయన, పెదనాయన ఊర్లో మూడెకరాలు అమ్మారు. వరసగా బోర్లు ఎండిపోయి అప్పులున్నాయి. నేను అప్పుడు డిగ్రీలో ఉన్నాను, ఎమ్మేకు హైదరాబాదు పంపాలని నాయన పట్టుదల. కొనేవాళ్ళు ఆడబిడ్డ సంతకం ఉంటేనే కొంటామన్నారు. ఎందుకన్నారో చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. దేశంలో ముందుగా ఆ పని చేసిన రాష్ట్రం మనదేనని గర్వంగా చెప్పుకుంటాం. కానీ అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించదు. 1979లో పెళ్ళయిన చిన్నత్త, మొగుడు వదిలేసి ఇంటికొచ్చి కూర్చున్నా, చట్టం లెక్కలో పెళ్ళయినదే. 2005 సెప్టెంబర్ 9 నుంచి అమల్లోకొచ్చిన కేంద్ర సవరణ ఈ తేడాను తీసేసింది. పెళ్ళయినా కాకపోయినా కూతురు కూతురే. అందుకని ఇరవై ఏళ్ళుగా ఎవరికీ గుర్తులేని చిన్నత్త, 2007లో ఒక్కసారిగా ముఖ్యమైన మనిషైంది.

ఆ రోజు సంగతి ఆమె మాటల్లోనే.

"మీ నాయన కారు తీసకొచ్చినాడు. కారు! అంతకుముందు పండక్కు పిలవడానికి సైకిల్ గూడ రాలేదు. రైటర్ దగ్గర కూసోబెట్టినారు. ఆయప్ప కాయితం సదివినాడు. శ్రీమతి ఫలానా గారు అని సదివినాడు. మీ నాయన గూడ అన్యాడు, గారిని నీడలో కూసోబెట్టండప్పా అని. నవ్వుతానే అన్యాడులే. నాకు నవ్వు రాలే. గారు అన్యారంటే పని అయిపోయినట్టే అనుకుంటి."

ఆ విడుదల దస్తావేజు నకలు ఆమె పెట్టెలో ఉంది. చూపించింది. పేరు ముందు శ్రీమతి, వెనక గారు. తర్వాత, పులివెందుల కాపురస్తుడైన ఫలానావారి భార్య. విడిపోయి ఇరవై నాలుగేళ్ళయినా భార్యే. వృత్తి దగ్గర గృహిణి అని రాశారు. కుట్టుకూలితో బతికే మనిషికి, సొంత గృహం లేని మనిషికి, గృహిణి. పసుపు కుంకుమల కింద ఒక పట్టుచీర, పదివేలు ఇచ్చి, తన హక్కును పూర్తి సమ్మతితో అన్నలకు వదులుకున్నట్టు సంతకం తీసుకున్నారు. ఆ డబ్బుల్లో కొంత అప్పులకు పోయింది. కొంత నా హాస్టలు ఫీజయింది, పుస్తకాలయింది. స్త్రీల మీద వాడే మాటల గురించి నేను రాసిన అధ్యాయమైంది.

ఈ సంగతి ఆ వేసవిదాకా నాకు తెలియదు. తెలియదనడం సగం నిజం. చిన్నత్త సంతకం పెట్టిందని తెలుసు. అడగలేదు. మా ఇంట్లో దాన్ని "ఆమె మంచిది, ఏమీ అనలేదు" అని చెప్పుకునేవాళ్ళు. ఆ వాక్యాన్ని నేను పొగడ్తగానే విన్నాను.

తర్వాత దసరాకు కొద్దిరోజుల ముందు పులివెందుల నుంచి కబురొచ్చింది. "ఆయప్ప పోయినాడంట" అంది చిన్నత్త ఫోనులో. నలభై ఏళ్ళలో ఆమె నోట ఆయన పేరు నేను వినలేదు. మొగుడి పేరు చెప్పకూడదన్న ఆచారం, మొగుడు మొగుడు కాకుండా పోయినా ఆమెను వదల్లేదు. దినాలకు పోవాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకులాడి, "తోడు రా" అంది. ఇద్దరం ముద్దనూరు మీదుగా బస్సులో పోయాం. ఊరు దగ్గరపడే కొద్దీ దారిపక్కన చీనీ తోటలు. ఆమె కిటికీలోంచి చూస్తూ, "నేనొచ్చినప్పుడు ఇన్ని లేవు" అని మాత్రం అంది.

షామియానా కింద ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాం. "ఈయమ్మ ఎవురు?" అని ఒకామె పక్కామెను అడిగింది. పక్కామె ఇంకొకామెను చూసింది. అక్కడున్నవాళ్ళలో పెద్దవయసువాళ్ళకు తెలుసు, కానీ చెప్పడానికి మాట దొరకడంలేదు. భార్య అనలేరు, అక్కడ భార్య ఉంది. చుట్టం అనలేరు. చివరికొకరు గొంతు తగ్గించి "పెద్దామె" అన్నారు. మా వైపు ఇద్దరు భార్యలున్న ఇంట్లో మొదటామె పెద్దామె, రెండోది చిన్నామె. నాలుగేళ్ళు కాపురం చేసి నలభై ఏళ్ళు దూరంగా ఉన్న మనిషికి కూడా ఆ ఇంట్లో ఒక వరస మిగిలే ఉందన్నమాట. కాసేపటికి ఆ చిన్నామె వచ్చి, చిన్నత్త చెయ్యి పట్టుకుని, "రా అక్కా, లోపలికి రా" అంది. చిన్నత్త లేచి వెళ్ళింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను, అక్కా అన్నప్పుడు ఏమనిపించిందని. నాలోని వ్యాసకర్త ఏదో గొప్ప జవాబు ఆశించింది.

"ఏమనిపిస్తాది? అక్కా అనక ఇంకేమంటాది పాపం. ఇంకో మాట లేదు గదా," అంది. కాసేపయ్యాక, "నేనైనా అంతే అందును. మనకిద్దరికీ ఆ మాట తప్ప ఆయప్ప ఏమీ పెట్టిపోలే," అంది.

చుట్టరికం మాటల్ని పితృస్వామ్యం సంకెళ్ళని మనం రాశాం. రాయాల్సిందే. అత్త అనే ఒక్క మాటలో నాయన చెల్లెలు, మామ భార్య, మొగుడి తల్లి ముగ్గురూ ఇమిడిపోవడం వెనక మేనరికపు పెళ్ళిళ్ళ లెక్క ఉంది. చిన్నత్త నన్ను "కోడలా" అని పిలవడంలోనూ ఆ లెక్కే ఉంది. ఆ పిల్ల నోటుబుక్కులోని కొరియా మాటల్లోనూ, పిలిచేది ఆడా మగా, ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న లెక్కలున్నాయి. కానీ చట్టమూ కాగితమూ ఏమీ ఇవ్వని చోట ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకోవడానికి ఆ సంకెలే చేతికందింది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమో నా పట్టికల్లో పెట్టలేకపోతున్నాను.

ఇంకో సంగతి ఉంది. ఈ వ్యాసం మొదటినుంచీ చిన్నత్తను నేనూ 'ఆమె' అనే రాస్తున్నాను. 'అది' అని రాసే చనువు నాకు లేదు, ఉన్నా మీరు ఒప్పుకోరు. రాతలో ఇంకో మాట లేదు. గౌరవంగానే రాస్తున్నాను. ఆ గౌరవంలో ఆమెకు ఎంత దూరం వినబడుతుందో తెలిసే రాస్తున్నాను.

ఇది రాయాలని కూర్చోవడానికి కారణం పోయిన నెల వచ్చిన ఒక ఫోను. రెండేళ్ళ కిందట నేను నా పెళ్ళి నుంచి బయటికొచ్చేశాను. అప్పట్నుంచి ఇంట్లో పెద్దగా గొడవలేమీ జరగలేదు. నాయన అరవలేదు, అమ్మ ఏడవలేదు. మావాళ్ళు మంచివాళ్ళని స్నేహితురాళ్ళతో చెప్పుకున్నాను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాయన వరండాలో ఎవరితోనో, "ఆమె హైదరాబాదులోనే ఉంటాది, ఆమెకు ఉద్యోగముంది" అంటుంటే లోపలినుంచి విన్నాను. నా గురించే. అంతకుముందు "మా అమ్మి" తప్ప ఇంకో మాట నా గురించి ఆయన నోట రాలేదు. చిన్నత్త చెప్పకపోయి ఉంటే నేను ఆ మార్పును పట్టుకునేదాన్నే కాదు. ఇంకా సంతోషించి ఉండేదాన్నేమో, కూతుర్ని మనిషిగా గౌరవిస్తున్నాడని.

పోయిన నెల తమ్ముడు ఫోను చేశాడు. మిగిలిన భూమి భాగాలు వేసుకుంటున్నారట. ఒక కాగితం మీద నా సంతకం కావాలట. "మీరు ఎప్పుడు వీలైతే అప్పుడు జమ్మలమడుగుకు రాండి, కారు పంపిస్తా" అన్నాడు. వాడు పుట్టినప్పటి నుంచి నన్ను "అకా, నువ్వు" అనే అన్నాడు. చిన్నప్పుడు కొట్లాటల్లో "పోవే" అని కూడా అన్నాడు.

ఆ రాత్రి చిన్నత్తకు ఫోను చేసి చెప్పాను. భూమి సంగతి, కారు సంగతి, సంతకం సంగతి. అన్నీ వింది. పెద్దగా ఏమీ అనలేదు. "ఎట్ల పిలిచినాడు నిన్ను?" అని అడిగింది.

"మీరు అన్నాడు అత్తా."

అవతలినుంచి కాసేపు మిషను చప్పుడు కూడా లేదు.

"మీరు అన్యాడా," అంది. "అయితే కాయితం రాయించే ఉంటారులే. ఈసారి నువ్వే సదువుకో. ఇంకొకరితో సదివించుకోవద్దు."

నేనింకా జమ్మలమడుగు పోలేదు. ఆ కాగితం నకలు ముందు నాకు పంపించమని అడిగాను. రెండు వారాలైంది, రాలేదు. తమ్ముడు మళ్ళీ ఫోను చేస్తే మొదట వినేది వాడు ఏమడుగుతున్నాడో కాదు, నన్నేమంటున్నాడో.